నల్ల సైకిలు: ఫ్రేముకు పూర్తి మార్కులు, బిగింపుకు సగమే

పాలక్యాన్లు, పోస్టు సంచులు, గడ్డిమోపులు మోసిన ఆ నల్ల సైకిలు ఇప్పటికీ కొత్తగా దొరుకుతోంది. దుకాణంలో ముందు వరసంతా రంగురంగుల గేరు సైకిళ్లే ఉంటాయి గానీ, ‘స్టాండర్డ్ సైకిల్, 22 సైజు’ అని అడిగితే వెనక నుంచి తెచ్చి నిలబెడతారు. రోజూ ఐదారు కిలోమీటర్లు నడుము పట్టకుండా, చేతులు తిమ్మిరెక్కకుండా తొక్కాలనుకునేవాళ్లకు ఇది చాలా హాయైన బండి. ఒక్క షరతు. దుకాణంలో బిగించి ఇచ్చినదాన్ని ఇచ్చినట్టే తొక్కకూడదు. ఫ్రేము మంచిది, బిగింపు హడావుడిది. కొన్న రోజే తెలిసిన మెకానిక్ దగ్గర పూర్తిగా విప్పించి ఓవరాయిలింగ్ చేయించాలి. ఆ కూలి కూడా సైకిలు ధరలో భాగమే అనుకోండి.

ముందు ఫ్రేము సంగతి. హ్యాండిల్ కింద గొట్టాలు కలిసే చోట వేలితో తడిమి చూడండి. రెండు గొట్టాలను కలిపి పట్టుకున్న ఉక్కు తొడుగు తగులుతుంది. అదే లగ్గు. గొట్టాన్ని అందులోకి దూర్చి, ఎర్రగా కాల్చి, మధ్య సందులోకి కరిగిన ఇత్తడి పాకేలా చేస్తారు. ఇత్తడి 900 డిగ్రీల ప్రాంతంలో కరుగుతుంది, ఉక్కు కరగాలంటే 1,400 దాటాలి. కాబట్టి అతుకు పడుతుంది గానీ గొట్టం కరగదు. వెల్డింగులో గొట్టం అంచే కరిగి గట్టిపడుతుంది, విరిగితే చాలావరకు ఆ కుట్టు పక్కనే విరుగుతుంది. లగ్గు ఉన్న చోట బరువు తొడుగు పొడవునా పంచుకుపోతుంది. పైగా ఎప్పుడైనా గుద్దుకుని ఒక గొట్టం సొట్టపోతే, గ్యాస్ మంటతో ఇత్తడి అతుకు తెలిసిన పనివాడు ఆ ఒక్క గొట్టాన్నే ఊడదీసి కొత్తది వేయగలడు.

కొనేటప్పుడు లగ్గు అంచు చుట్టూ చూడాలి. రంగు కింద అంచు నునుపుగా గొట్టంలో కలిసిపోయి ఉంటే ఇత్తడి నిండుగా పాకినట్టు. సన్నని నల్లగీతలా సందు కనిపిస్తే ఆ బండి వదిలేసి పక్కది అడగండి. ఫ్రేము వంకర ఉందేమో చూడ్డానికి ఒక దారం చాలు. వెనక చక్రం బిగించే ఒక కొస నుంచి దారాన్ని ముందుకు తెచ్చి, హ్యాండిల్ గొట్టం చుట్టూ తిప్పి, రెండో కొసకు బిగుతుగా లాగండి. సీటు గొట్టానికి రెండు పక్కలా దారం ఎంత దూరంలో ఉందో స్కేలుతో కొలవండి. తేడా మూడు మిల్లీమీటర్లు దాటితే తీసుకోవద్దు.

లగ్గు వల్లే సైకిలు హాయిగా ఉంటుందని కొందరు అభిమానులు వాదిస్తారు. లగ్గంటే ఎంత ఇష్టమున్నా ఆ మాట ఒప్పుకోలేం. లగ్గు ఇచ్చేది మన్నిక, హాయి ఇచ్చేది కొలతలు. రేసు సైకిల్లో హ్యాండిల్ గొట్టం నేలకు 72, 73 డిగ్రీల్లో నిటారుగా ఉంటే, దీనిలో 68 దగ్గర వెనక్కి వాలి ఉంటుంది. ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు కింది భాగం మూడంగుళాల దాకా ముందుకు వంగుతుంది. గుంటలో పడితే ఆ వంపు కొంచెం సాగి, దెబ్బ చేతుల దాకా రాకముందే కొంత మింగేస్తుంది. రెండు చక్రాల ఇరుసుల మధ్య 45 అంగుళాల పైచిలుకు దూరం ఉంటుంది కాబట్టి స్పీడు బ్రేకర్ మీద మనిషి ఎగిరిపడడు. హ్యాండిల్ పిడులు వెనక్కి తిరిగి ఉంటాయి, మణికట్టు మెలిపడదు. అమెరికాలో కాలిఫోర్నియాలో రివెండెల్ అనే చిన్న కంపెనీ 1994 నుంచి ఇదే మాట చెబుతూ సైకిళ్లు చేస్తోంది: లగ్గుల ఉక్కు ఫ్రేము, లావు టైర్లు, ఎత్తు హ్యాండిల్, నిటారుగా కూర్చోవడం. అక్కడ ఏరికోరి కొనుక్కునే ఆ సుఖం మన పోస్ట్‌మాన్ బండిలో ఎప్పటి నుంచో ఉంది.

సైజు దగ్గర చాలామంది పొరపడతారు. 22, 24 అనేవి చక్రం సైజులు కావు. పెడల్ కడ్డీలు (క్రాంకులు) తిరిగే ఇరుసు మధ్య నుంచి సీటు గొట్టం పై అంచు దాకా ఫ్రేము కొలత అది. చక్రం రెంటికీ 28 అంగుళాలే. బార్‌కు రెండు పక్కలా కాళ్లు వేసి, చెప్పులతో నేల మీద నిలబడండి. బార్‌కూ ఒంటికీ మధ్య కనీసం ఒక అంగుళం ఖాళీ ఉండాలి. లేకపోతే 24 వద్దు, ‘బరువుకు ఆగుతుంది సార్’ అని ఎంత చెప్పినా వద్దు. ఆ తరవాత సీటు ఎత్తు. పెడల్ అడుగుకు వచ్చినప్పుడు మడమ దానిమీద ఆనించి కాలు పూర్తిగా చాపగలగాలి. సీటు మీద కూర్చునే రెండు పాదాలూ నేలకు ఆనేంత కిందికి దించుకుంటే మోకాళ్లు పోతాయి. ఈ బండి మీద మోకాలి నొప్పి అని చెప్పేవాళ్లలో చాలామందికి కారణం అదే.

నిటారుగా కూర్చుంటే ఒంటి బరువంతా కూర్చునే ఎముకల మీద పడుతుంది. అందుకే దీనికి వెడల్పాటి స్ప్రింగుల సీటు పెట్టారు. కంపెనీ ఇచ్చే రెగ్జిన్ సీటు మొదట్లో బాగానే ఉంటుంది, లోపలి మెత్త నలిగాక ఇనుప తీగలు గుచ్చుకుంటాయి. ఖర్చు పెట్టగలిగితే తోలు సీటు వేయించండి. 1866లో ఇంగ్లండులో మొదలైన బ్రూక్స్ కంపెనీ బీ 66, బీ 33 సీట్లు ఇలాంటి బండ్ల కోసమే. తోలు మన ఒంటికి తగ్గట్టు వంగడానికి కొన్ని వందల కిలోమీటర్లు పడుతుంది. వానలో తడవనివ్వకూడదు, తడిస్తే నీడలోనే ఆరబెట్టాలి.

టైరు కొనేటప్పుడు ‘28’ అన్న అంకెను నమ్మకండి. ఆ పేరుతో వేర్వేరు రిమ్ముల టైర్లు అమ్ముతారు. ఈ బండిది 28 X 1 1/2. టైరు పక్కన 40-635 అని ఉంటే అదే. 622 అని ఉన్నది రిమ్ముకు ఎక్కదు. గాలి నింపేది పాతకాలపు వాల్‌ట్యూబ్ ఉన్న నాజిల్ లోంచి. లోపలి రబ్బరు అడ్డుపడుతుంది కాబట్టి మీటరు పెట్టి కొలిస్తే సరైన లెక్క రాదు. బొటనవేలితో నొక్కితే వెనక టైరు రాయిలా కాక కొద్దిగా లొంగాలి, ముందుది ఇంకొంచెం ఎక్కువ లొంగాలి. రాయిలా కొట్టించుకుంటే లావు టైరు వల్ల వచ్చే సుఖమంతా పోతుంది. పంక్చరు లేకుండానే రాత్రికి రాత్రి గాలి దిగిపోతుంటే ముందు వాల్‌ట్యూబ్ మార్చి చూడండి. ఎండకు పగిలిన రబ్బరే చాలాసార్లు దొంగ.

ఇక అందరినీ విసిగించేది కాటర్ పిన్ను. క్రాంకును ఇరుసుకు కదలకుండా పట్టి ఉంచే చిన్న ఇనుప మేకు ఇది. దానికి ఒక పక్క ఏటవాలుగా చదును ఉంటుంది, ఆ చదును ఇరుసు మీది గాడికి నిండుగా ఆనాలి. హడావుడి మెకానిక్ నట్టు తిప్పి పిన్నును లోపలికి లాగుతాడు. నట్టు ఉన్నది పిన్ను జారిపోకుండా ఆపడానికే, దానితో లాగితే మర చెడుతుంది. క్రాంకు కింద బరువైన ఇనుప దిమ్మె ఆనించి, పిన్ను తల మీద సుత్తితో కొట్టి దించి, ఆ తరవాతే నట్టు బిగించాలి. దిమ్మె లేకుండా కొడితే ఆ దెబ్బ ఇరుసు బాల్స్ మీద పడి, అవి తిరిగే కప్పుల్లో గుంటలు చేస్తుంది. కుడి పిన్ను నట్టు ముందుకు చూస్తుంటే ఎడమది వెనక్కి చూడాలి, రెండూ ఒకే వైపు ఉంటే పెడళ్లు ఒక గీతలోకి రావు. తొక్కిన ప్రతి చుట్టుకూ ఒకసారి ‘టక్’ మని వినిపిస్తే పిన్ను వదులైనట్టే. అలాగే తొక్కుతూ పోతే చదును మీద గంటు పడుతుంది, ఇక ఎంత బిగించినా నిలవదు. కొత్త పిన్ను కొనేటప్పుడు పాతది వెంట తీసుకెళ్లి లావు సరిచూసుకోండి.

ఓవరాయిలింగ్‌లో అడిగి చేయించాల్సినవి: కంపెనీ గ్రీజు కిరసనాయిలుతో కడిగి తీసేసి కొత్తది నిండుగా పెట్టించడం, క్రాంకు ఇరుసులో ఒక్కో పక్క 11 బాల్స్, వెనక హబ్బులో ఒక్కో పక్క 9 లెక్క సరిచూడడం (రెండు చోట్లా పావంగుళం బాల్సే), చక్రాలు బెండు తీయించడం. పుల్లలు ముందు చక్రానికి 32, వెనక 40. కొత్త చక్రంలో ఇవి సమానంగా బిగిసి ఉండవు, 100 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ సరిచేయించాలి. కోను (ఇరుసు మీద బాల్స్‌ను నొక్కి పట్టే నట్టు) బిగింపు సరిగ్గా ఉందో లేదో తేలడానికి ఒక పరీక్ష ఉంది. ముందు చక్రాన్ని గాలిలోకి ఎత్తి, నాజిల్ పక్కకు వచ్చేలా తిప్పి వదిలేయండి. నాజిల్ బరువుకే చక్రం మెల్లగా తిరిగి, కిందికి వచ్చి, గడియారం లోలకంలా అటూ ఇటూ ఊగి ఆగాలి. ఊగకుండా మధ్యలోనే నిలిచిపోతే కోను బిగువు ఎక్కువ. రిమ్ము పట్టుకుని పక్కకు ఊపితే కదిలితే తక్కువ.

కడ్డీ బ్రేకులు పొడి రోడ్డు మీద బాగానే పట్టుకుంటాయి. బ్రేకు కట్ట రిమ్మును లోపలి వైపు నుంచి ఒరుసుకుంటుంది కాబట్టి చక్రం కొంచెం అటూ ఇటూ ఊగినా ఫరవాలేదు, పైకీ కిందికీ ఎగుడుదిగుడుగా ఉంటే మాత్రం గుంజి గుంజి పట్టుకుంటుంది. కట్టకూ రిమ్ముకూ మధ్య మూడు మిల్లీమీటర్ల ఖాళీ చాలు. కట్ట కూర్చునే రేకుకు ఒక వైపు మూసి ఉంటుంది. ఆ మూసిన వైపు చక్రం తిరిగే దిశకు ఉండాలి. తిరగేసి బిగిస్తే గట్టిగా బ్రేకు వేసినప్పుడు కట్ట ఊడి రోడ్డు మీద పడుతుంది. వానలో మెరుపు పూత రిమ్ము మీద ఈ బ్రేకులు జారతాయి. ఆగాల్సిన చోటికి చాలా ముందు నుంచే రెండు బ్రేకులూ మెల్లగా నొక్కి నీళ్లు తుడిచిపోనివ్వాలి. ఘాట్ రోడ్డుకు ఈ బండి వద్దు.

గేరు ఒక్కటే. ముందు 44 పళ్లు, వెనక 18 ఉంటే ఒక్క తొక్కుడు చుట్టుకు దాదాపు ఐదున్నర మీటర్లు పోతుంది. గోదావరి గట్టు మీదో, కోనసీమ రోడ్ల మీదో ఇది చక్కగా సరిపోతుంది. హైదరాబాద్‌లో బంజారాహిల్స్ ఎత్తులకు, విశాఖ డాబాగార్డెన్స్ నుంచి పైకి వెళ్లేవాళ్లకు బరువే. వెనక 20 పళ్ల ఫ్రీవీల్ వేయిస్తే చుట్టుకు ఐదు మీటర్ల లోపుకు దిగుతుంది, ఎత్తు మీద తేడా కాళ్లకు వెంటనే తెలుస్తుంది. బండి బరువు మాత్రం 20 కిలోల దగ్గరే. లిఫ్టు లేని మూడో అంతస్తులో ఉండేవాళ్లు ఆలోచించుకోవాలి.

పాత రాలీ (ఇంగ్లండు కంపెనీ సైకిలు) కొనే ఆశ ఉన్నవాళ్లకు ఒక మాట. ఇంగ్లండులో నాటింగ్‌హామ్‌ది గానీ, మన దేశంలో ఆసన్‌సోల్ సెన్ రాలీది గానీ, మెరుపు చూసి మోసపోకండి. ముందు లగ్గు కింద, కింది గొట్టం అడుగున రంగు ముడతలు పడి ఉందేమో వేలితో చూడండి. ముడత ఉంటే ఆ బండి ఎప్పుడో దేన్నో గుద్దింది, గొట్టం లోపల వంగింది. తరవాత సీటు కడ్డీ కదిలించి చూడండి. ఏళ్ల తరబడి గ్రీజు లేక తుప్పుతో అతుక్కుపోతే, దాన్ని బయటికి తీయడానికి అయ్యే ఖర్చు ముందే ధరలో తగ్గించమనాలి. కొత్త బండికైనా సరే, ఏడాదికోసారి ఆ కడ్డీ బయటికి తీసి తుడిచి గ్రీజు రాసి పెట్టండి. తీసినప్పుడే గొట్టంలో గరిటెడు ఉడికించిన అవిసె నూనె పోసి, సైకిలును అటూ ఇటూ వంచితే లోపలి గోడలకు పట్టి తుప్పు ఆగుతుంది. సముద్రం దగ్గరి ఊళ్లలో ఈ పని వానాకాలానికి ముందే చేయించాలి.