గింప్ 3.0: ఫొటో ఎడిటింగ్ కొత్తగా నేర్చుకునేవారి కోసం

ఫొటోలు దిద్దడం కొత్తగా మొదలుపెట్టేవారికి గింప్ సరిపోతుందా అని అడిగితే, మూడు నెలలు దానితోనే పనిచేసిన మీదట సరిపోతుందనే చెబుతాను. అయితే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియనివారికి మొదటి వారంలోనే విసుగు పుట్టించే గుణం దీనికి ఉంది. స్పెన్సర్ కింబల్, పీటర్ మాటిస్ అనే ఇద్దరు విద్యార్థులు 1995లో అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో మొదలుపెట్టిన ఈ ప్రోగ్రామ్ నేటికీ ఉచితమే; విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ పనిచేస్తుంది. నేను వాడినది 2025 మార్చిలో విడుదలైన 3.0.

బ్రష్షుల జోలికి పోకుండా ముందుగా కలర్స్ మెనూలోని లెవెల్స్ తెరవడం మంచిది. చిత్రంలోని చుక్కలు, అంటే పిక్సెళ్లు, 0 అనే నలుపు నుంచి 255 అనే తెలుపు వరకు ఎక్కడెక్కడ గుమిగూడాయో అక్కడి హిస్టోగ్రామ్ అనే గ్రాఫ్ చూపిస్తుంది. వెలవెలబోయిన ఫొటోలో ఆ గుట్ట మధ్యలోనే ఉండి రెండు కొసలూ ఖాళీగా కనిపిస్తాయి. కింది త్రికోణాలను గుట్ట అంచుల దాకా జరిపితే చిత్రం ఒక్కసారిగా తేటపడుతుంది. ఫొటోను కంటితో అంచనా వేయడం నాకు అలవడింది ఇక్కడే.

ఆ తర్వాత నేర్చుకోవలసినది లేయర్ మాస్క్. లేయర్ అంటే చిత్రంలో ఒకదానిపై ఒకటి పరిచే పొర; దానిలో ఏ భాగం కనిపించాలో నిర్ణయించేది మాస్క్, అందులో తెలుపు చూపిస్తుంది, నలుపు దాచేస్తుంది. కిటికీ ముందు కూర్చున్న మనిషి ముఖం చీకటిగా పడిన ఫొటో ఒకటి దిద్దుతూ, లేయర్‌కు నకలు తీసి, దాని వెలుగు పెంచి, అక్కర్లేని భాగాలను ఇరేజర్‌తో చెరిపేసేవాణ్ని. అంచు కాస్త తప్పితే మళ్లీ మొదటికి రావలసి వచ్చేది. అదే నకలుకు నల్లని మాస్క్ తగిలించి, ముఖం మీద మాత్రం మెత్తని తెల్ల బ్రష్ నడిపితే వెలుగు అక్కడే తేలుతుంది, పొరపాటు జరిగినచోట నలుపు పూస్తే సరిపోతుంది. ఈ ఒక్క పద్ధతి వంటబట్టడానికి పది రోజులు పట్టినా, ఆ పది రోజుల కష్టం వృథా కాలేదు.

కొత్తవారిని తికమకపెట్టేది సేవ్ ఆజ్ఞ. అది లేయర్లన్నిటినీ ఉంచే ఎక్స్‌సీఎఫ్ ఫైలును మాత్రమే రాస్తుంది. జేపెగ్ కావాలంటే ఎక్స్‌పోర్ట్ వాడాలి. ఈ విభజన సబబైనదే, ఎందుకంటే జేపెగ్‌లో లేయర్లు మిగలవు, మళ్లీ మళ్లీ భద్రపరిచిన కొద్దీ నాణ్యత తరుగుతుంది. ఒకసారి హెచ్చరికను చదవకుండా గింప్ విండో మూసి, సాయంత్రమంతా చేసిన మాస్కులు పోగొట్టుకున్నాక గాని ఇది నాకు అర్థం కాలేదు.

3.0లో చాలా ఫిల్టర్లు, అంటే మసకబార్చడం, పదునుపెట్టడం వంటి ప్రభావాలు, లేయర్‌కు అంటిపెట్టుకుని ఉండి, తర్వాత ఎప్పుడైనా తెరిచి మార్చుకోవడానికి వీలిస్తాయి. భయం లేకుండా ప్రయోగాలు చేయవలసిన దశలో ఉన్నవారికి ఇంతకన్నా ఉపకరించే మార్పు లేదు. కెమెరా పట్టిన సమాచారాన్ని దిద్దకుండా భద్రపరిచే రా ఫైళ్లతో పనిచేసేవారు మాత్రం డార్క్‌టేబుల్ వంటి మరో ప్రోగ్రామ్‌ను కూడా తోడుగా పెట్టుకోవలసి ఉంటుంది.