వికీడేటా క్వెరీ సర్వీస్: ఆరేళ్ల వాడకం తర్వాత

వికీపీడియాకు తోడుగా ఉన్న, ఎవరైనా సవరించగల ఉచిత డేటాబేస్ వికీడేటాలో మన ఊళ్లకు తెలుగు పేర్లు చేర్చడం నా వ్యాపకం. ఆరేళ్లుగా, ప్రశ్నలు (క్వెరీలు) వేసి అందులోని డేటా రాబట్టే క్వెరీ సర్వీస్ ట్యాబ్ నా బ్రౌజర్లో మూసింది లేదు. 2015 నుంచి అందరికీ ఉచితంగా నడుస్తోంది, లాగిన్ కూడా అక్కర్లేదు.

స్పార్‌కల్ అనే క్వెరీ భాష మాత్రం నేర్చుకోవాలి. మామూలు డేటాబేస్‌ల భాష ఎస్‌క్యూఎల్ వచ్చినవాళ్లకు మొదట్లో తికమకే, ఎందుకంటే ఇక్కడ టేబుళ్లు ఉండవు. అంతా మూడు ముక్కల మాటలే: గుడివాడ, ఉన్న జిల్లా, కృష్ణా. నాకు ప్రాణం పి131 (ఏ పాలనా ప్రాంతంలో ఉందో చెప్పే లక్షణం) పక్కన పెట్టే నక్షత్రం గుర్తు. ఊరు, మండలం, జిల్లా, రాష్ట్రం, ఎన్ని మెట్లున్నా అదే ఎక్కేస్తుంది. తెలుగు పేరు లేని ఊళ్లు చూపించమంటే, పేరుండాల్సిన చోట క్యూతో మొదలయ్యే వికీడేటా గుర్తింపు నంబర్లు బారులు తీరతాయి. ఆ జాబితా చూశాక నాకు ఊరికే కూర్చోబుద్ధి కాదు.

2022 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ జిల్లాలు 13 నుంచి 26 అయ్యాయి. విజయవాడ ఎన్టీఆర్ జిల్లాలోకి వచ్చింది. అలాగని కృష్ణా అన్న పాత సమాచారం తీసేయకూడదు. దానికి ముగింపు తేదీ వేసి కొత్తది చేర్చాలి. నేను అంతవరకే చేసి ఊరుకున్నాను. క్వెరీలో ఒక్కో ఊరు రెండేసి సార్లు రావడం మొదలైంది! కొత్త జిల్లాకు ప్రాధాన్య ర్యాంకు (ముందు దీన్నే తీసుకోమని చెప్పే గుర్తు) ఇచ్చాకే లెక్క కుదిరింది.

స్పార్‌కల్‌లో డేటా చేర్చే ఇన్సర్ట్, తీసేసే డిలీట్ ఆదేశాలు 2013 నుంచి ప్రమాణంలో ఉన్నాయి. ఈ సర్వీస్ వాటిని తీసుకోదు. మార్పులు వికీడేటా పేజీలోనో, ఒకేసారి చాలా మార్పులు చేసే క్విక్‌స్టేట్‌మెంట్స్ అనే పనిముట్టుతోనో చేయాలి. అదే మంచిదంటాను. నా ల్యాప్‌టాప్‌లో అపాచీ జెనా ఫ్యుసెకి అనే స్పార్‌కల్ సర్వర్ పెట్టుకుని డిలీట్ రాస్తూ ఒక షరతు మర్చిపోయాను. రెండు మండలాల పేర్లు తుడిచిపెట్టుకుపోయాయి, బ్యాకప్ లేదు. వికీడేటాలో ప్రతి మార్పూ చరితంలో ఉంటుంది, వెనక్కి తిప్పొచ్చు.

క్వెరీకి గడువు 60 సెకన్లు. అందుకే రాష్ట్రమంతా ఒకేసారి అడగను, జిల్లా జిల్లాగా అడుగుతాను. 2025లో పరిశోధన వ్యాసాల డేటాను వేరే చిరునామాకు మార్చారు, ఊళ్ల పనికి తేడా ఏమీ రాలేదు.

కొత్తవాళ్లు సొంత మండలంతో మొదలుపెట్టి, ఫలితాన్ని మ్యాప్‌లో చూడండి. నిరుడు మా జిల్లా ఊరొకటి బంగాళాఖాతంలో తేలింది. రేఖాంశంలో ఒక అంకె తప్పు. సరిచేసి, కాసేపాగి మళ్లీ రన్ చేస్తే చుక్క ఒడ్డుకొచ్చి, కాలవ పక్కన ఊరున్న చోటే నిలిచింది.