సీసం లేని గాలం: పాపతో హోస్కోట వైపు ఒక పూట

మా పాపకి తొమ్మిదేళ్ళు. సంక్రాంతికి పాలకొల్లు వెళ్ళినప్పుడు వాళ్ళ తాతయ్య పంట కాలువ గట్టు మీద కూర్చోబెట్టి, వెదురు కర్రకి బెండు కట్టి గాలం వేయించాడు. రెండు పరిగెలు పడ్డాయి. బెంగళూరు వచ్చిన దగ్గర్నుంచీ ఒకటే గోల, మళ్ళీ ఎప్పుడు నాన్నా అని. ఆఫీసులో ఒకాయనకి ఫ్లై ఫిషింగ్ పిచ్చి, అంటే ఈకలతో చేసిన ఉత్తుత్తి పురుగుని ఎరగా వేసి చేపలు పట్టడం. "ఎర్రలు గుచ్చే రోత ఉండదు, నేర్పించి చూడండి" అంటూ తన పాత కర్ర ఇచ్చాడు. ఎనిమిదడుగులది, 5 వెయిట్ లైనుకి (గాలపు దారాన్ని బరువుని బట్టి అంకెలతో చెప్తారు) సరిపోయేది.

మామూలు గాలంలో సీసం బరువు దారాన్ని లాక్కుపోతుంది. ఇందులో ఎరకి బరువే ఉండదు. ముల్లుకి ఈకలూ దారమూ చుట్టి పురుగులా చేసింది, అంతే. లైనే లావుగా, బరువుగా ఉండి ఆ పురుగుని మోసుకెళ్తుంది. అందుకే కర్రని వెనక్కి ఊపి, లైను వెనకాల పూర్తిగా చాచుకునేదాకా ఆగి, అప్పుడు ముందుకి వేయాలి. ఆగకపోతే లైను కొరడాలా చెళ్ళుమంటుంది, పురుగు తెగిపోతుంది.

మొదటి రెండు వారాలు నీళ్ళ జోలికే పోలేదు. మారతహళ్ళిలో మా అపార్ట్‌మెంట్ పచ్చికలో, ముల్లు బదులు ఎర్ర ఊలు పోగు కట్టి ఊపించాను. వాచ్‌మన్ వచ్చి కాసేపు చూసి, "సార్, నీళ్ళు లేవు కదా ఇక్కడ" అన్నాడు. కొళాయిలోనే సరిగ్గా రావడం లేదు, ఇంక పచ్చికలో ఎక్కడివి? కర్ర గడియారంలో పది దగ్గర మొదలై ఒంటిగంట దగ్గర ఆగాలని నేర్పడం మామూలు. మా పాపకి ముళ్ళ గడియారం సరిగ్గా చదవడం రాదు. "ఫోను చెవి దగ్గర పెట్టుకున్నట్టు చెయ్యి అక్కడే ఆపు" అన్నాక మూడు నిమిషాల్లో పట్టేసింది. పిల్లలకి నేర్పేవాళ్ళు ఈ ముక్క వాడుకోండి.

తర్వాత, ఎక్కడికి వెళ్ళాలి? ముందు తట్టింది కావేరి ఒడ్డున ఉన్న భీమేశ్వరి. కనకపుర, హలగూరు మీదుగా మాకు వంద కిలోమీటర్ల పైనే. కావేరి అంటే మహసీర్ అనే పెద్ద చేప. 1946లో మైసూరుకి చెందిన వాన్ ఇంగెన్ అనే ఆయన దాని ఉపనది కబినిలో 120 పౌండ్ల చేపని పట్టాడు. ఇప్పుడు ఆ మూపురం మహసీర్ అంతరించే ప్రమాదం అంచున ఉంది. దానికి శాస్త్రీయంగా పేరు ఖాయమైంది కూడా 2018లోనే. అక్కడంతా అభయారణ్యం, గాలం వేయనివ్వరు. మేం కిందటేడు ఒక రాత్రి ఉండి వచ్చాం. పుట్టిలో తిరగడం, ఒడ్డున ఎండ కాచుకునే మొసళ్ళు, రాత్రి చుక్కలు, వాటి కోసం మళ్ళీ వెళ్తాం. చేపల కోసమైతే కాదు. దారిలో ముత్తత్తి, మరోవైపు మంచనబెలె, రెండూ చూడ్డానికి బాగుంటాయి గానీ, మునిగిపోయినవాళ్ళ వార్తలు చాలాసార్లు చదివాను. పిల్లతో ఆ నీళ్ళ దగ్గరికి పోను. ఊళ్ళో చెరువుల సంగతి సరే, కాలుష్యంతో నిప్పంటుకున్న బెళ్ళందూరు చెరువు పక్కనే కాపురముంటున్నాం.

చివరికి డబ్బు కట్టి చేపలు పట్టుకునే ఒక ప్రైవేటు చెరువు, హోస్కోట దాటాక చింతామణి రోడ్డు వైపు. ఆదివారం తెల్లవారుజామున ఐదింటికి బయల్దేరాం. హోస్కోటలో ఆ వేళకే మటన్ బిర్యానీకి జనం క్యూ కట్టి ఉన్నారు. పొద్దున్నే బిర్యానీ ఏమిటని మా ఆవిడ గొణిగింది, తర్వాత నా ప్లేటులోంచే తింది.

తలకి 800 తీసుకున్నారు. ఫోన్లో "కోచ్ ఉంటారు" అన్నారు. ఉన్నాడు. సీసం, పిండి ముద్ద తప్ప ఇంకోటి తెలియని కుర్రాడు, కానీ మంచివాడు. కోలారు వైపు వాళ్ళు, ఇంట్లో తెలుగే. మా కర్ర చూసి, "ఏమన్నా, సీసమే కట్టలేదే, ఎట్లా పోతుంది?" అన్నాడు. పాప ఊపి చూపించాక, తనకీ ఓసారి ఇమ్మన్నాడు.

అసలు ఇబ్బంది స్థలంతో. గట్టు చుట్టూ కొబ్బరి చెట్లు. వెనక్కి ఊపితే లైను మట్టకి చిక్కుకుంటోంది. మూడు పురుగులు చెట్లకి అర్పించాక, చెట్లు లేని ఒక మూల దొరికింది. బుక్ చేసేముందు "వెనక ముప్ఫై అడుగుల ఖాళీ ఉందా?" అని అడగండి, నేను అడగలేదు. మరుగుదొడ్డి గురించి అడిగాను, ఉందన్నారు. తలుపుకి గడియ ఉందా అని కూడా అడగాల్సింది.

ముల్లు కొనలో వెనక్కి తిరిగిన పంటిని ముందే శ్రావణంతో నొక్కేశాను. చొక్కాలో దిగినా, చేతిలో దిగినా సులువుగా వచ్చేస్తుంది. టోపీ, కళ్ళజోడు అందరికీ తప్పనిసరి. నా చెవి పక్కనుంచి పురుగు రయ్యిమన్నప్పుడు ఎందుకో అర్థమైంది.

ఏడున్నరకి తెల్ల పురుగు, రొట్టె ముక్కలా ఉండేది, నీటి మీద వాలింది. చిన్న సుడి, లైను బిగిసింది. పాప అరుపుకి అవతలి గట్టు మీదవాళ్ళు లేచి నిలబడ్డారు. అరచేతంత జిలేబి చేప. చేతులు తడుపుకుని పట్టుకోమన్నాను, పొడి చేత్తో పట్టుకుంటే దాని జిగురు పొర పోతుంది. ఇంకో రెండు పడ్డాయి. తొమ్మిదింటికి గాలి లేచింది, పాప ఆసక్తీ పోయింది, తూనీగల వెంట పడింది. గంటన్నర చాలు ఈ వయసుకి. రోజంతా ప్యాకేజీ తీసుకోకండి, మిగతా డబ్బు వృథా.

వచ్చేటప్పుడు పేచీ. వదిలేద్దామని పాప నీళ్ళ తొట్టిలో ఉంచింది. పట్టిన చేప కొనాల్సిందే అని వాళ్ళ రూలు. చివరికి మూడింటికీ తూకం వేయించి, కిలో లెక్కన డబ్బులిచ్చి, తిరిగి చెరువులోనే వదిలాం. ఆ కుర్రాడు మమ్మల్ని చూసిన చూపు మా ఆవిడ ఇంకా గుర్తు చేస్తుంది. రాత్రి పాలకొల్లుకి ఫోన్ చేసి చెబితే మా అమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "కొన్న చేపని వదిలేసొచ్చారా? మరి కూరేం వండుకున్నార్రా?" అంది.