నాలుగేళ్లుగా నా చొక్కాకి ఉన్న కెమెరా

ఈ చిన్న క్లిప్ కెమెరాకి నొక్కడానికి మీట లేదు. చొక్కాకి తగిలించుకుంటే 30 సెకన్లకి ఒక ఫొటో దానంతట అదే తీసుకుంటూ పోతుంది, గంటకి 120. నాలుగేళ్లు వాడాక కూడా దీంట్లో నాకు నచ్చేది ఆ ఒక్కటే. దాని కోసమే మిగతావన్నీ భరించాను.

మొదటి ఏడాది వచ్చినవన్నీ దాదాపు చెత్తే. తలుపులు, కంప్యూటర్ తెర, సగం తెగిన ముఖాలు. వెలుతురు తగ్గితే అంతా మసక. ఇక పక్కన పడేద్దామనుకుంటుండగా నాన్నకి తుంటి ఆపరేషన్ అయింది. పొద్దునా సాయంత్రం ఆయన్ని నేనే నడిపించేవాణ్ణి. కెమెరా ఉందన్న సంగతే గుర్తుండేది కాదు.

ఆర్నెల్ల తర్వాత ఒక రాత్రి కూర్చుని ఆ ఫొటోలు వరసగా చూశాను. ఎక్కువ వాటిలో నా ముంజేయి, దాని మీద నాన్న చెయ్యి. మొదటి వారంలో కణుపులు తెల్లబడేంత గట్టి పట్టు. నెల తిరిగేసరికి అరచెయ్యి ఊరికే ఆనించారు. తర్వాత రెండు వేళ్లు. ఆ తర్వాత ఒక ఫొటోలో నా చెయ్యి ఒక్కటే ఉంది, ఆయన వీపు నాలుగడుగుల ముందుంది. పక్కనే ఉండి కూడా నేనది గమనించలేదు. ఫోన్ తీసి ఫొటో కొట్టాలని నాకు ఏ రోజూ తోచలేదు మరి.

మైక్రోసాఫ్ట్ పరిశోధకులు చేసిన సెన్స్‌క్యామ్ అనే ఇలాంటి కెమెరానే జ్ఞాపకశక్తి దెబ్బతిన్న మనిషి మెడలో వేసి, ఆ ఫొటోలు మళ్లీ మళ్లీ చూపిస్తే జరిగినవి గుర్తు నిలిచాయని కేంబ్రిడ్జ్‌లో తేల్చారు. చదివినప్పుడు అంత నమ్మకం కలగలేదు. ఆ రెండు వేళ్లు చూడగానే ఆ పొద్దున నాన్న అన్న మాటలు కూడా గుర్తొచ్చాయి, అప్పుడు నమ్మాను.

కానీ తీయడానికి మీట లేనట్టే, ఆపడానికీ లేదు. జేబులో వేసుకోవాలి, లేదంటే బోర్లా పెట్టాలి. ఒకసారి మర్చిపోయాను. అక్క నాతో ఏడుస్తూ మాట్లాడిన అరగంటా ఫొటోలయిపోయింది. నేనే చెప్పి, తన ముందే తుడిచేశాను. అయినా చాలా రోజులు ముభావంగా ఉంది. తన కోపం న్యాయమే. అప్పట్నుంచి ఎవరింటికెళ్లినా గుమ్మం దగ్గరే తీసి సంచిలో వేస్తున్నాను. వఫా బిలాల్ అనే కళాకారుడు 2010లో తల వెనక చర్మంలోనే కెమెరా పెట్టించుకున్నారు. ఆయన పాఠాలు చెప్పే విశ్వవిద్యాలయం తమ ఆవరణలో దానికి మూత పెట్టుకోమంది. చివరికి శరీరమే ఒప్పుకోక కొంత భాగం తీయించుకోవాల్సి వచ్చింది. తీసి సంచిలో వేయలేని కెమెరా నాకైతే వద్దు.

మధ్యలో తయారుచేసిన కంపెనీ మూతపడింది. ఫొటోలన్నీ వాళ్ల సర్వర్‌లోనే ఉన్నాయి. గడువులోగా దింపుకోవడానికి మూడు రాత్రులు పట్టింది. నాన్న నడిచిన నెలలు అన్నిటికన్నా ఆఖర్న దిగాయి. ఆ టెన్షన్ ఎవరికీ వద్దు. ఫొటోలు నేరుగా మీ కంప్యూటర్‌లోకి రాకపోతే కొనకండి.

ఇంట్లో మంచం మీద నుంచి లేచి కోలుకుంటున్న మనిషి ఉండి, ఆ మనిషి సరేనంటే ఇలాంటిది తీసుకోమంటాను. పిల్లలున్న ఇంట్లోనో, పదిమందితో పని ఉన్నవాళ్లకో అంత ధీమాగా చెప్పలేను. ఇప్పుడు నాన్న ఒక్కరే నడుస్తున్నారు. నేనూ వారానికి ఒకటి రెండు రోజులే పెట్టుకుంటున్నాను. ఆ రెండు వేళ్ల ఫొటో మాత్రం ప్రింట్ తీయించమని ఆయనే అడిగారు.