ఒక్కొక్కటీ ఏరిపారేయాలా, బ్రౌజర్‌ని రీసెట్ కొట్టాలా?

మా బావగారు క్రోమ్ తెరిస్తే ఎప్పుడూ పేరు వినని సెర్చ్ పేజీ వస్తోంది. ఏదో ఉచిత పీడీఎఫ్ కన్వర్టర్ వేసుకుంటూ 'నెక్స్ట్, నెక్స్ట్' అని చదవకుండా నొక్కేశారట. దాంతోపాటే అడగని ఎక్స్‌టెన్షన్ (బ్రౌజర్‌కి తగిలించుకునే చిన్న అదనపు ప్రోగ్రాం) ఒకటి వచ్చి చేరింది.

దాన్ని చేత్తో తీయడమంటే, మూడు చుక్కల మెనూలోంచి ఎక్స్‌టెన్షన్స్ పేజీకి వెళ్లి, మనం పెట్టుకోనిదాన్ని 'రిమూవ్' చేయడమే. రెండు నిమిషాల పని. మిగతా ఎక్స్‌టెన్షన్లు, లాగిన్‌లు చెక్కుచెదరవు. అయితే మారిపోయిన హోమ్ పేజీ, సెర్చ్ ఇంజిన్ ఒక్కోసారి అలాగే ఉండిపోతాయి, విడిగా సరిచేసుకోవాలి.

రీసెట్, అంటే బ్రౌజర్ సెట్టింగులను మొదట్లో ఉన్నట్టు మార్చేయడం, అవన్నీ ఒక్క దెబ్బకు సరిచేస్తుంది. బుక్‌మార్కులు, హిస్టరీ, సేవ్ చేసిన పాస్‌వర్డ్‌లు పోవు. కుకీలు (సైట్లు మనల్ని గుర్తుపెట్టుకోడానికి దాచుకునే చిన్న ఫైళ్లు) మాత్రం పోతాయి కాబట్టి ప్రతి సైట్‌లో మళ్లీ లాగిన్ అవ్వాలి (బావగారికి ఓటీపీ అంటేనే టెన్షన్). చాలామందికి తెలియనిది ఇంకోటుంది: క్రోమ్ రీసెట్ ఎక్స్‌టెన్షన్లను ఆపుతుందే తప్ప తీసేయదు. ఫైర్‌ఫాక్స్‌లో 'రిఫ్రెష్' కొడితే తీసేస్తుంది, పాత డేటాను డెస్క్‌టాప్ మీద ఒక ఫోల్డర్‌లో పెడుతుంది.

ఒకటి రెండే ఉంటే నేను చేత్తోనే తీస్తాను. పేజీలు వాటంతటవే ఎటో మళ్లిపోతుంటేనే రీసెట్. ఏది చేసినా, ముందు విండోస్ సెట్టింగ్స్‌లో యాప్స్ జాబితాను తేదీ వారీగా పెట్టి ఆ కన్వర్టర్‌ని అన్‌ఇన్‌స్టాల్ చేయాలి. లేదంటే తీసింది మళ్లీ వచ్చి కూర్చోవచ్చు.

సొంత కంప్యూటర్‌లోనే క్రోమ్‌లో 'మీ సంస్థ నిర్వహిస్తోంది' అని కనబడి, రిమూవ్ బటనే పనిచేయకపోతే ఈ రెండు దారులూ చాలకపోవచ్చు. అప్పుడు యాంటీవైరస్‌తో ఫుల్ స్కాన్ పెట్టాల్సిందే.