నెట్స్‌బ్లాక్స్‌తో పులి–మేక: కొన్నేళ్ల వాడుక తర్వాత ఒక సమీక్ష

తిరుపతి బైరాగిపట్టెడలో సాయంత్రం పూట ఎనిమిది నుంచి పదో తరగతి వరకు చదివే పిల్లలకు కంప్యూటర్ నేర్పుతుంటాను. వేర్వేరు కంప్యూటర్ల ముందు కూర్చున్న ఇద్దరు ముగ్గురు కలిసి ఆడుకునే ఆటలను పిల్లల చేతనే తయారు చేయించడానికి కొన్నేళ్లుగా మేము వాడుతున్న సాధనం నెట్స్‌బ్లాక్స్. ఒకరి తర్వాత ఒకరు ఎత్తు వేసే ఆటలకు, అంటే పులి–మేక, అష్టాచెమ్మ వంటివాటికి, బ్లాకులతో ప్రోగ్రాం రాసే సాధనాలలో దీనికి సాటి వచ్చేది నాకు ఇంతవరకు కనబడలేదు. క్షణక్షణానికీ బొమ్మ కదలవలసిన ఆటలకు మాత్రం దీన్ని సిఫారసు చేయను. ఈ రెండు మాటలకూ కారణాలు కొంచెం వివరంగా చెప్పవలసినవి.

నెట్స్‌బ్లాక్స్‌ను అమెరికాలోని వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయంలో ఆకోష్ లెడెత్సి, బ్రయాన్ బ్రోల్ తదితరులు రూపొందించారు. బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన స్నాప్ అనే బ్లాకుల సాధనం దీనికి పునాది. ఆ స్నాప్‌కు ప్రేరణ ఎంఐటీ మీడియా ల్యాబ్ 2007లో అందరికీ విడుదల చేసిన, పిల్లలు బ్లాకులతో ప్రోగ్రాం రాసే స్క్రాచ్. అందువల్ల స్క్రాచ్ అలవాటైన పిల్లలకు ఈ తెర కొత్తగా అనిపించదు. ఎడమవైపు రంగురంగుల బ్లాకులు, మధ్యలో వాటిని అతికించే చోటు, కుడివైపు ఆట కనబడే వేదిక అన్నీ పరిచయమైనవే. బ్రౌజర్‌లోనే నడుస్తుంది, రుసుము లేదు, ఏమీ ఇన్‌స్టాల్ చేయనక్కరలేదు. మా దగ్గరున్న పాత కంప్యూటర్లు కూడా దీన్ని బాగానే మోశాయి.

అసలు తేడా రెండు సంగతులలో ఉంది: పాత్రలు, సందేశాలు. నెట్స్‌బ్లాక్స్‌లో ప్రతి ప్రాజెక్టుకూ ఒక గది ఉంటుంది, ఆ గదిలో మనకు కావలసినన్ని పాత్రలు, అంటే ఒక్కో ఆటగాడి వైపు నడిచే ప్రోగ్రాంలు, పెట్టుకోవచ్చు. ప్రతి పాత్రకూ తన సొంత స్ప్రైట్లు (తెర మీది బొమ్మలు), తన సొంత స్క్రిప్టులు (అతికించిన బ్లాకుల వరుసలు), తన సొంత వేరియబుల్స్ (విలువలు దాచే చోట్లు) ఉంటాయి. ఒక పాత్రలో దాచిన విలువను మరో పాత్ర నేరుగా చూడలేదు కాబట్టి చెప్పదలచుకున్న ప్రతిదీ సందేశంగా పంపవలసిందే. ఆ సందేశానికి ఒక పేరు, దానిలో ఏయే వివరాలు ఉండాలో ముందుగా మనమే నిర్ణయించుకుంటాము. పంపే బ్లాకులో ఫలానా పాత్రకు అనో, గదిలో ఉన్న మిగతావారికి అనో, అందరికీ అనో ఎంచుకుంటాము. అవతలివైపు "ఈ సందేశం అందినప్పుడు" అనే బ్లాకు మేలుకుని, అందులోని వివరాలను వేరియబుల్స్‌గా చేతికిస్తుంది. పదమూడేళ్ల పిల్లకు నెట్‌వర్క్ అంటే ఏమిటో ఇంతకన్నా సూటిగా చూపే పద్ధతి నాకు తెలియదు.

స్క్రాచ్‌లోనూ ఆన్‌లైన్ ఆటలు చేసేవారు చాలామంది ఉన్నారు, మేము కూడా అక్కడి నుంచే వచ్చాము. 2013లో స్క్రాచ్ 2.0తో క్లౌడ్ వేరియబుల్స్, అంటే ఆడేవారందరికీ ఇంటర్నెట్ మీద ఉమ్మడిగా ఉండే వేరియబుల్స్, వచ్చాయి. ఒక ప్రాజెక్టుకు అవి పది మాత్రమే, ఒక్కొక్కదానిలో 256 అంకెల వరకే పడతాయి, అక్షరాలు పట్టవు. కొత్తగా ఖాతా తెరిచినవారికి ఆ సదుపాయం వెంటనే రాదు, కొంతకాలం సైట్‌లో పాల్గొని స్క్రాచర్ హోదా పొందిన తర్వాతే వస్తుంది. ఆటగాడి పేరు పంపాలంటే ప్రతి అక్షరానికీ రెండంకెల సంఖ్య కేటాయించి, వాటిని వరుసగా పేర్చి పంపి, అవతల మళ్లీ రెండేసి అంకెలుగా విడదీసుకోవాలి. ఆ కసరత్తులో కొంత విద్య ఉంది, కాదనను. కానీ తరగతిలో గంటలకు గంటలు ఆ అంకెల పేర్పుకే పోయి, ఆట గురించిన ఆలోచన వెనకబడుతుంది. పైగా క్లౌడ్ వేరియబుల్ అందరికీ ఉమ్మడి కనుక ఒకే క్షణంలో ఇద్దరు రాస్తే ఒకరి విలువ మరొకరి విలువను చెరిపేస్తుంది. అది ఎవరు రాశారో, ఎప్పుడు రాశారో ఆ వేరియబుల్ చెప్పదు. నెట్స్‌బ్లాక్స్‌లో రెండు సందేశాలూ వేర్వేరుగా చేరతాయి, దేనికి ఏమి చేయాలో మన స్క్రిప్టే నిర్ణయించుకుంటుంది.

మా తరగతిలో అన్నిటికన్నా ఎక్కువ కాలం నడిచిన పని పులి–మేక. మా వైపు పల్లెల్లో రచ్చబండ రాళ్ల మీద చెక్కిన ఆ గీతలను చూడని పిల్లలు తక్కువ. మేము ఆడే తీరులో 23 స్థానాలు, 3 పులులు, 15 మేకలు. మేకలవాడు ముందుగా మేకలను ఒక్కొక్కటిగా దించుతాడు, అన్నీ దిగేవరకు ఏ మేకా కదలకూడదు. పులి పక్కనున్న మేక మీదుగా ఖాళీ స్థానంలోకి దూకి దాన్ని తింటుంది. మూడు పులులకూ కదలిక లేకుండా కట్టేస్తే మేకలవాడు గెలిచినట్టు. ఇద్దరు ఆటగాళ్ల నియమాలు ఒకటి కాకపోవడం వల్ల ఈ ఆట నెట్స్‌బ్లాక్స్ పాత్రలకు అచ్చంగా అతుకుతుంది. పులి అనే పాత్రలో దూకే స్క్రిప్టులు, మేక అనే పాత్రలో దించే స్క్రిప్టులు విడివిడిగా ఉంటాయి, ఒకదానిలోకి మరొకటి చొరబడదు. ఇద్దరు పిల్లలు చెరో పాత్రను రాస్తూ, తమ మధ్య తిరిగే సందేశాల వివరాలను మాత్రం ఒక కాగితం మీద రాసుకుని ఒప్పందానికి రావాలి. ఆ కాగితం మీద జరిగే వాదనలే నా దృష్టిలో ఈ సాధనం ఇచ్చే ముఖ్యమైన చదువు.

ఆట పటాన్ని దాచుకునే విషయంలో స్నాప్ వారసత్వం ఎంతో మేలు చేసింది. స్నాప్‌లో జాబితాలోపల జాబితా పెట్టవచ్చు, స్క్రాచ్‌లో అది కుదరదు. ప్రతి స్థానానికీ దాని పక్క స్థానాల జాబితా ఒకటి, ఏ స్థానం మీదుగా దూకి ఎక్కడ దిగవచ్చో చెప్పే జాబితా మరొకటి రాసుకుంటే నియమాలన్నీ దాదాపు ఆ రెండు పట్టికలలోనే ఇమిడిపోతాయి. త్రిభుజపు కొన దగ్గర గీతలన్నీ కలిసే చోట పిల్లలు ఆగి, ఇక్కడ దూకవచ్చా లేదా అని ఇంట్లో తాతలను అడిగి వచ్చేవారు. ఆ పట్టికలు పూర్తి కావడానికి చాలా రోజులే పట్టింది, పట్టినా నాకు తొందర అనిపించలేదు.

అసలు చిక్కు ఆ తర్వాత వచ్చింది. రెండు పాత్రలూ తమ దగ్గర చెరో పటం దాచుకుంటే, ఒక్క సందేశం దారి తప్పినా, ఒక్క నియమం రెండు చోట్ల రెండు రకాలుగా రాసినా, పులి తెర మీద చనిపోయిన మేక, మేకలవాడి తెర మీద బతికే ఉంటుంది. ఏ తెర నిజం చెబుతోందో తేల్చేవారు ఉండరు. అందుకని మూడో పాత్ర పెట్టించాను, పిల్లలు దానికి పెద్దమనిషి అని పేరు పెట్టారు. ఆటగాళ్లు పంపేది కోరిక మాత్రమే: ఎక్కడి నుంచి, ఎక్కడికి, ఎన్నో ఎత్తు. పెద్దమనిషి దగ్గర ఉన్న పటమే అసలు పటం. ఎత్తు నియమాలకు లోబడి ఉంటే అతడు పటాన్ని మార్చి, నిర్ణయాన్ని గదిలో అందరికీ పంపుతాడు. ఆ నిర్ణయం చేరిన తర్వాతే ఆటగాళ్ల తెరల మీద బొమ్మ కదులుతుంది. ఎత్తు సంఖ్యను సందేశంలో చేర్చడం చిన్న విషయంగా కనబడుతుంది గాని, ఒకే ఎత్తును ఆత్రంగా రెండుసార్లు నొక్కితే రెండోదాన్ని పెద్దమనిషి తిరస్కరించడానికి ఆ సంఖ్యే ఆధారం. పెద్ద ఆన్‌లైన్ ఆటలలో సర్వర్, అంటే ఆటగాళ్లందరూ కలిసే కేంద్ర కంప్యూటర్, చేసే పని కూడా ప్రధానంగా ఇదే. ఈ ఏర్పాటును బ్లాకులతో కట్టి, కళ్లెదుట నడవడం చూసిన పిల్లలు తర్వాత పైథాన్ భాషలో సాకెట్ల (కంప్యూటర్ల మధ్య సందేశాలు పంపే ఏర్పాటు) దగ్గరకు వెళ్లినప్పుడు కొత్తగా నేర్చుకోవలసింది వాక్య నిర్మాణమే తప్ప ఆలోచన కాదు.

అష్టాచెమ్మకు వచ్చేసరికి ఇదే పెద్దమనిషి గవ్వలు వేసే బాధ్యత తీసుకున్నాడు. ఆటగాడి కంప్యూటరే పందెం వేసుకుంటే స్క్రిప్టు మార్చుకుని ప్రతిసారీ అష్ట వేసుకోవచ్చు, అది పిల్లలే కనిపెట్టారు. ఇక్కడ మరో సంగతి ఉంది, ఈ ఆటను ప్రోగ్రాంగా రాసే పెద్దలు కూడా దాన్ని తరచుగా పట్టించుకోరు. నాలుగు గవ్వలలో ఎన్ని వెల్లకిలా పడితే అంత పందెం, నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మ అంటే 4, అన్నీ బోర్లా పడితే అష్ట అంటే 8. గవ్వ ఎటైనా సమానంగా పడుతుందనుకుంటే 16 అవకాశాలలో అష్టకు ఒకటి, చెమ్మకు ఒకటి, రెంటికి ఆరు. అయిదు ఫలితాలున్నాయి కదా అని 1 నుంచి 5 వరకు యాదృచ్ఛిక సంఖ్య తీసుకుంటే అష్ట అయిదింట ఒకసారి పడుతుంది, ఆట రుచే పోతుంది. ఒక్కో గవ్వకు విడిగా 0 లేదా 1 వేసి నాలుగింటినీ కూడడమే సరైన పద్ధతి, మొత్తం 0 అయితే అష్ట.

ఇక కబడ్డీ. కూతకు వెళ్లినవాడు, పట్టేవారు అంతా ఒకేసారి కదిలే ఆట. ప్రతి పాత్రా తన స్థానాన్ని ఫరెవర్ లూప్‌లో, అంటే ఆగకుండా తిరిగే బ్లాకులో, పంపడం మొదలుపెడితే సెకనుకు పదుల సందేశాలు బయలుదేరతాయి. రెండు కంప్యూటర్లు ఒకే బల్ల మీద ఉన్నా సందేశం నేరుగా పక్కకు పోదు, ఇంటర్నెట్ ద్వారా సర్వర్‌కు వెళ్లి తిరిగి రావాలి. ఆలోగా కూతకు వెళ్లినవాడు తన తెర మీద గీత దాటి వచ్చేసి ఉంటాడు, పట్టినవాడి తెర మీద ఇంకా అవతలే ఉంటాడు. స్థానం మారినప్పుడే పంపడం, పంపే వేగాన్ని తగ్గించడం, మధ్యలో బొమ్మను మెల్లగా జారించే గ్లైడ్ బ్లాకుతో నడిపించడం వంటి ఉపాయాలతో చూడడానికి కొంత నయమైంది గాని, తాకాడా లేదా అన్న తగువు మాత్రం తీరలేదు. ఇది నెట్స్‌బ్లాక్స్‌కు మాత్రమే ఉన్న లోపం కాదు, క్లౌడ్ వేరియబుల్స్‌తోనూ ఇంతే. అయినా ఇలాంటి ఆటే మీ లక్ష్యమైతే దీనిమీద కాలం వెచ్చించవద్దు.

వాడుకలో నన్ను ఎక్కువగా ఇబ్బంది పెట్టినవి చెబుతాను. పాత్రలో ఎవరో ఒకరు బ్రౌజర్ తెరిచి కూర్చుంటేనే ఆ పాత్ర పనిచేస్తుంది. ఖాళీగా ఉన్న పాత్రకు పంపిన సందేశం ఎవరికీ చేరదు. కాబట్టి పెద్దమనిషికి మూడో కంప్యూటర్ కావాలి, లేదా ఆటగాళ్లలో ఒకరి దగ్గర రెండో కిటికీ తెరవాలి. వెనక ఉన్న ట్యాబ్‌ల పనిని బ్రౌజర్లు తగ్గించేస్తాయి కనుక దాన్ని ట్యాబ్‌గా కాక విడి కిటికీగా, తెర మీద కొంతైనా కనబడేలా ఉంచాలి. ఇది తెలియక ఆట మధ్యలో ఎందుకు ఆగిందని వెతికే తరగతులు చాలా ఉంటాయి. పేజీని రిఫ్రెష్ చేస్తే ఆ పాత్ర జ్ఞాపకం పోతుంది. అందుకే "పటం పంపు" అని అడిగే సందేశం ఒకటి మొదటిరోజే తయారు చేయించండి. కనెక్షన్ తెగి తిరిగి వచ్చిన ఆటగాడు దాన్ని పంపితే పెద్దమనిషి మొత్తం పటాన్ని, ఎత్తు సంఖ్యతో సహా తిరిగి పంపుతాడు. చిత్తూరులోని మా బంధువుల పిల్లలతో మావాళ్లు ఆడిన పోటీలు వానాకాలపు సాయంత్రాలలో కూడా పూర్తయ్యాయంటే కారణం ఈ ఒక్క సందేశమే. సర్వర్ మూల కోడ్ కూడా బహిరంగంగా ఉంది కనుక సొంతంగా నడుపుకోవచ్చు. అయితే అది బడిలో ఒక ఉపాధ్యాయుడు ఖాళీ సమయంలో చేయగల పని కాదు, ఎవరైనా ఇంజనీరింగ్ కళాశాల వారు పూనుకుంటే బాగుంటుంది.

తెలుగులో పాఠాలు లేకపోవడం మరో పెద్ద కొరత. బ్లాకుల మీది ఇంగ్లీషు మాటలు పిల్లలకు వారంలో అలవాటవుతాయి. కానీ పాత్ర, సందేశం, గది అనే భావనలను వివరించే తెలుగు పాఠం ఒకటి ఉంటే, ఇంగ్లీషులో వెనకబడిన పిల్లలు తర్కంలో వెనకబడినట్టు కనబడే అన్యాయం తగ్గుతుంది. మేము సొంతంగా రాసుకున్న కాగితాలే ప్రస్తుతానికి మా పాఠ్యపుస్తకం. మరొక జాగ్రత్త: స్క్రాచ్‌లో క్లౌడ్ వేరియబుల్స్‌తో స్వేచ్ఛగా కబుర్లాడే ప్రాజెక్టులను అనుమతించరు. ఇక్కడ సందేశంలో ఏ మాటైనా పంపవచ్చు కనుక గదిలో ఎవరెవరు ఉన్నారో పెద్దవారు చూసుకోవాలి.

ఇంటర్నెట్‌లోని సమాచారాన్ని ప్రాజెక్టులోకి తెచ్చే సర్వీసులు అనే విభాగం గురించి తక్కువే చెబుతాను, ఎందుకంటే మేము దాన్ని తక్కువే వాడాము. అక్షాంశ రేఖాంశాలు ఇస్తే ఆ ప్రాంతపు పటాన్ని వేదిక మీదికి తెచ్చే మ్యాప్స్ సర్వీసుతో పిల్లలు అలిపిరి నుంచి చంద్రగిరి కోట వరకు నిధి వేట ఆట చేశారు, బాగా వచ్చింది.

ఇప్పటికే స్క్రాచ్‌లో ఆట సిద్ధంగా ఉండి, దానికి ఎక్కువ స్కోరు సాధించిన పదిమంది పట్టిక మాత్రమే చేర్చాలనుకునేవారు నెట్స్‌బ్లాక్స్‌కు మారవలసిన అవసరం లేదు, క్లౌడ్ వేరియబుల్ ఒకటి చాలు. స్క్రాచ్ ప్రాజెక్టులనే వేగంగా నడిపే టర్బోవార్ప్‌లో కూడా క్లౌడ్ వేరియబుల్స్ పనిచేస్తాయి. అయితే అక్కడ విలువలు శాశ్వతంగా నిలవవు కనుక స్కోర్ల పట్టికకు అది పనికిరాదు. కొత్తగా మొదలుపెట్టే ఉపాధ్యాయులు మాత్రం ముందుగా రెండు పాత్రలు, ఒకే ఒక సందేశం ఉన్న ఆట తీసుకోండి. ఒకరు గుప్పిట్లో చింతపిక్కలు పట్టుకుని సరి–బేసి అడిగితే మరొకరు చెప్పే ఆట చాలు. అది నడిచాక, గుప్పిట్లో ఎన్ని పిక్కలున్నాయన్న మాటను తర్వాత మార్చలేదని ఎలా నిరూపిస్తావని పిల్లలను అడగండి. మూడో పాత్ర ఎందుకు కావాలో వాళ్లే చెబుతారు.