మేసా ఆర్వీ పార్కులో మా చలికాలాలు: ఎండకి వంక పెట్టలేం, అద్దె కాగితంతోనే పేచీ

మిషిగన్ మంచుకి దణ్ణం పెట్టి ఏటా నవంబరులో అరిజోనా చేరే స్నోబర్డ్స్‌లో మేమూ ఉన్నాం. మా ఆయన రిటైరైన దగ్గర్నుంచీ ఫీనిక్స్ పక్కనున్న మేసాలో అదే ఆర్వీ పార్కు (చక్రాల ఇళ్ళు నిలుపుకునే చోటు), అదే సైటు (మన బండికి ఇచ్చే జాగా). ఈత కొలను, పికిల్‌బాల్, జనవరి మధ్యాహ్నాల్లో స్వెటరు అక్కర్లేని ఎండ, ఇవన్నీ ఎవరైనా చెబుతారు. నేను చెప్పదలచుకున్నది ఒక్క కాగితం గురించి. ఫిబ్రవరిలో ఆఫీసువాళ్ళు తలుపు సందులో దూర్చి వెళ్ళే రెన్యువల్ కాగితం.

వచ్చే చలికాలానికి కూడా ఇదే సైటు కావాలంటే నెలాఖరులోగా సంతకం పెట్టి డిపాజిట్ కట్టాలి. కడితే తిరిగి ఇవ్వరు. కట్టకపోతే సైటు వెయిటింగ్ లిస్టులోవాళ్ళకి పోతుంది. మొదట్లో ఈ ఏర్పాటుని అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ మెచ్చుకుంటూ చెప్పేదాన్ని. ఎందుకంటే మా సైటుని ఆనుకుని ఒక నారింజ చెట్టుంది. అందానికి పెంచే పుల్లటి రకం, ఇక్కడివాళ్ళు నోట పెట్టరు. కాయలు నేలరాలి ఎండిపోతుంటే ప్రాణం ఉసూరుమనేది. జనవరిలో కోసి, దబ్బకాయ ఊరగాయ పద్ధతిలోనే ముక్కలు తరిగి ఉప్పులో వేస్తాను. మెంతిపిండి దగ్గర్లోని చాండ్లర్ ఊళ్ళో ఉన్న మా అమ్మాయి తెస్తుంది. ఆ చెట్టు మాదేనన్న భరోసా కోసం కాగితం పూర్తిగా చదవకుండానే సంతకం పెట్టేసిన రోజులున్నాయి. అప్పుడు అద్దె నెలకి 560 డాలర్లు, కరెంటు మీటరు ప్రకారం వేరే.

ఒక ఏడు ఆ కాగితంలో కొత్త గీత కనిపించింది: ప్రీమియం సైటు, నెలకి అదనంగా 90. మామూలు పెంపు ఎలాగూ ఉంది, ఇది దాని పైన. కాగితం పట్టుకుని ఆఫీసుకి వెళ్ళాను. మా సైటులో కొత్తగా ఏం పెట్టారమ్మా, అదే కంకర, అదే 30 ఆంపుల కరెంటు స్తంభం, మైక్రోవేవూ హీటరూ కలిపి వేస్తే ఇప్పటికీ బ్రేకరు పడిపోతోంది కదా అని అడిగాను. పాపం ఆ ఆఫీసు అమ్మాయి ఏం చేస్తుంది, గోడకున్న పార్కు పటం చూపించింది. నిరుడు ఆకుపచ్చగా ఉన్న మా గడి ఇప్పుడు పసుపు రంగులో ఉంది. వరస చివర ఉన్నవీ, చెట్టు నీడ ఉన్నవీ అన్నీ పసుపే. రంగు మార్చారండీ అంది, అంతే.

మా ఆయన మాత్రం తాపీగా, చక్రాలున్న ఇల్లే కదా, ట్రక్కుకి తగిలించుకుని పోదాం అన్నారు. ఆ వారమంతా వేరే పార్కులకి ఫోన్ల మీదే గడిచింది. ఎక్కడికి చేసినా పేరు తర్వాత అడిగే రెండో ప్రశ్న ఒక్కటే: మీ ట్రెయిలర్ ఏ సంవత్సరం మోడల్? మాది 2011. ఇక్కడ చాలా పార్కుల్లో పదేళ్ళ నియమం ఉంది, అంతకంటే పాతబడిన బండిని కొత్తగా రానివ్వరు. ముందునుంచీ ఉన్నవాళ్ళ జోలికి రారు కాబట్టి మా పార్కులో మాకు ఆ సంగతి తగల్లేదు. అపాచీ జంక్షన్‌లో ఒకాయన కాస్త కనికరించి, నాలుగు వైపులా ఫొటోలు పంపండి, టైర్లూ పైకప్పూ కూడా కనబడాలి అన్నాడు. మా ఆయన నిచ్చెనేసుకుని ఎక్కి పైకప్పు కడిగారు. ఎండకి పొరలు లేచిన స్టిక్కర్లని హెయిర్ డ్రయ్యరుతో వేడిచేసి ఒక్కొక్కటీ పీకారు, మైనం పూశారు. మర్నాడు జవాబొచ్చింది: బండి చాలా బాగా ఉంచుకున్నారు, కానీ నియమం నియమమే. ఇంకోచోట రమ్మన్నారు గానీ ఐదు నెలల అద్దె మొత్తం ముందే కట్టమన్నారు. మూడోచోట ఆర్వీ సైట్లన్నీ తీసేసి పార్క్ మోడల్ ఇళ్ళు (కదల్చకుండా ఒకేచోట ఉంచే చిన్న ఇళ్ళు) పెట్టేస్తున్నారట. ఉన్నచోట పెంచుతారు, బయటివాళ్ళు రానివ్వరు. మా పరిస్థితి అడకత్తెరలో పోకచెక్క అయింది. పసుపు గడికి సంతకం పెట్టేశాం.

దీనికి కారణాలు వెతికితే బోలెడు దొరుకుతాయి. 2021 ఒక్క ఏడాదే అమెరికాలో ఆరు లక్షల ఆర్వీలు తయారై డీలర్లకి చేరాయి. వాటిని నిలిపే సైట్లు ఆ లెక్కన పెరగలేదు. ఈక్విటీ లైఫ్‌స్టైల్, సన్ కమ్యూనిటీస్ లాంటి స్టాక్ మార్కెట్ కంపెనీలు ఈ వ్యాపారంలో ఏళ్ళ తరబడి పార్కులు కొంటున్నాయి. మా పార్కు ఆ రెండింటిదీ కాదు, కానీ చుట్టుపక్కల రేటు చూసి మాదీ ఎక్కుతుంది. దిగడం మాత్రం చూడలేదు. కరోనా రోజుల్లో రోడ్డు సరిహద్దు మూసేసి, కెనడావాళ్ళు రాక మా వరసలో సగం ఖాళీగా ఉంది. ఆ తర్వాత వచ్చిన కాగితంలోనూ పెంపే. మా ప్రభుత్వ పింఛను, అంటే సోషల్ సెక్యూరిటీ, 2024లో 3.2 శాతం, 2025లో 2.5 శాతం పెరిగింది. మా అద్దె ఆ రెండేళ్ళూ పది శాతం చొప్పున పెరిగి ఇప్పుడు 1,040కి చేరింది. చట్టం అడ్డుపడదా అంటే, అరిజోనాలో ఆర్వీ స్థలాల అద్దెదారుల కోసం ఉన్న ప్రత్యేక చట్టం వరసగా 180 రోజులు దాటి ఉండేవాళ్ళకి వర్తిస్తుంది. నవంబరులో వచ్చి మార్చి ఆఖరుకి పోయే మాకు అందులో చోటు లేదు.

ఇక్కడ అందరం ఒక ఇంటివాళ్ళం అని నేను పదిమందికీ చెప్పేదాన్ని. ఇప్పటికీ కొంత నిజమే. పోపు ఘాటుకి తుమ్ముకుంటూనే ఎదుటి సైటావిడ గిన్నె పట్టుకుని వస్తుంది. కానీ మినెసోటా నుంచి వచ్చే పెద్దావిడ భర్త పోయాక ఒక్క పింఛనుతో ఇద్దరి అద్దె కట్టలేక ట్రెయిలర్ అమ్మేసుకుని వెళ్ళిపోయింది. కొత్తగా వస్తున్నవాళ్ళు మంచివాళ్ళే, బళ్ళు మాత్రం మా మిషిగన్ ఇంటికన్నా ఖరీదు.

అన్నట్టు, అరిజోనా పడమటి వైపు ఎడారి ఊరు క్వార్ట్‌సైట్ సంగతి చెప్పాలి. అక్కడ లా పోసా అని కేంద్ర ప్రభుత్వ ఎడారి భూమి ఉంది. సెప్టెంబరు 15 నుంచి ఏప్రిల్ 15 దాకా సీజనంతటికీ కలిపి అప్పట్లో 180 డాలర్ల పర్మిట్ అంటే నమ్మలేదు. పధ్నాలుగు రోజులకైతే 40 ఉండేది. ఆ చిన్న పర్మిట్ తీసుకుని వెళ్ళి ఉండి చూశాం. నీళ్ళు పట్టుకోవచ్చు, మురుగు ట్యాంకు ఖాళీ చేసుకునే చోటుంది. కరెంటు లేదు, సోలారో జనరేటరో మనమే చూసుకోవాలి. బండి వయసు ఎవరూ అడగలేదు! పక్కన మా బండికన్నా పాత బస్సులో సంసారం చేస్తున్న జంట మాకు కాఫీ ఇచ్చారు. నేనైతే అక్కడే ఉండిపోదును. మా ఆయన రాత్రిళ్ళు నిద్రలో ఊపిరికి సాయపడే సీపాప్ మిషను పెట్టుకుని పడుకోవాలి, రెండు మబ్బు రోజులు వరసగా వస్తే మా బ్యాటరీలు చాలలేదు. ఆయన గుండె డాక్టరు ఫీనిక్స్ వైపు, రెండు గంటల దూరం.

అందుకని ఈసారి కూడా మేసా డిపాజిట్ కట్టేశాం. అమ్మాయి, మనవలు చాండ్లర్‌లో లేకపోతే, శనివారం మారికోపా గణపతి గుడికి అందరం ఒకే కారులో వెళ్ళే వీలు లేకపోతే కట్టేవాళ్ళమో లేదో. ఆరోగ్యం బాగుండి ఇక్కడ నా అన్నవాళ్ళు లేనివాళ్ళు ముందు ఎడారి చూసుకోండి. పార్కే కావాలంటే, కొత్త బండి ఉన్నవాళ్ళు ఒక నెలకి మాత్రమే దిగి, ఈ ఏటి అద్దెతోపాటు గత మూడేళ్ళ అద్దె ఎంతో కూడా ఆఫీసులో అడగండి. పదేళ్ళు దాటిన బండి అయితే మోడల్ సంవత్సరం మొదటి ఫోన్లోనే చెప్పేయండి, పైకప్పు కడిగే పని తప్పుతుంది.